వాకిటిలోని వేగపుబండి



మా పుట్టినింట ఆవు నమ్మునపుడు మా నాయనమ్మ పాత పలుపుత్రాటిని విప్పి తనయొద్ద నుంచుకొని, కొనినవారు తెచ్చిన క్రొత్త త్రాటితో ఆవును సాగనంపెడిది. త్రాడు మారిన తోడనే ఆవు వారిది. అది మఱునాడు ఎవరి చేనిలో పడి మేసినను మమ్మడుగ వచ్చువారు లేరు. మోటారుబండి యట్లు కాదు. అది గడప దాటి, ఊరు దాటి, జిల్లా దాటినను, సర్కారు పుస్తకములలో మన పేరున్నంతవఱకు ఆ పేరు మెడగంటవలె దాని వెంబడి మ్రోగుచునే యుండును. ఈ సంగతి మేము ముందొకసారి నష్టపడి నేర్చితిమి. 2024 వేసవిలో మా వాకిటనున్న కారును అమ్మునపుడు ఆ నేర్చినదానిని పనికి దెచ్చుకొంటిమి. కార్ల నమ్ముట మగవారి పని గదా, ఆడువారు చదువు పత్రికలో దాని ప్రసక్తి యేలయని కొందఱు తలపవచ్చును. మన యిండ్లలోని బండ్లు ఎవరి పేర నున్నవో యొక్కమారు బీరువాలోని కాగితములు తీసి చూచినచో ఆ సందేహము తీరును.

మా మరిదికి హైదరాబాదున కంప్యూటరు కొలువు దొరకిన క్రొత్తలో, 2012 లో, ఎఱ్ఱని స్విఫ్టు కారొకటి కొనెను. ఆ పేరుగల కార్లు మన దేశమున 2005 లో మొదలైనవి. ఇతడు కొనినది 2011 లో వెలువడిన రెండవ రూపమునకు చెందినది. 1197 ఘనపు సెంటీమీటర్ల పెట్రోలు యంత్రము. పేరులోనే వడి యున్నది. అది చాలదని యతడు దానికి మెఱయు మిశ్రలోహపు చక్రములు, వెనుక నొక రెక్క, ముందు మూతపై రెండు నల్లని చారలు, వీధి మొదటినుండియే వినవచ్చునట్లు గర్జించు పొగగొట్టము పెట్టించెను. సంక్రాంతికి ములకలపల్లి వచ్చినపుడు పిల్లలందఱు దానిచుట్టు మూగెడివారు. ఉత్తరీయము జారిపడినది, రథ మాపుమని ఋతుపర్ణమహారాజు చెప్పునప్పటికే నలుని గుఱ్ఱములు ఆమడ దూరము దాటిపోయెనని భారతమున చదువుకొంటిమి గదా. మా మరిది ప్రక్కన కూర్చుండి పాల్వంచకు పోయిననాడు మాకా ఘట్టము సంపూర్ణముగా అర్థమైనది.

2021 లో అతడు అమెరికా పోవుచు, "వదినా, బండి మీ పేరున పెడుతున్నా. అవసరం పడితే మీరే సంతకం పెట్టొచ్చు" అని చెప్పి, పేరు మార్పించి, తాళములు మా చేతిలో పెట్టి విమాన మెక్కెను. స్టీరింగు ముట్టి యెఱుగని మేము నాటినుండి సర్కారు లెక్కలో ఒక వేగపుబండికి యజమానురాలమైతిమి. మా వారు బడిపంతులు. వారు దానిని నడుపునపుడు ఎద్దులబండివారు సైతము వెనుకనుండి దారి యడిగెడివారు. నేలకు దగ్గఱగా నుండు ఆ బండి మా అడవిదారి గతుకులలో కడుపు గీచుకొనెడిది. వానకాలమున ఎలుకలు లోపల చేరి తీగలు కొఱికినవి. వారమున కొకసారి యంత్రమును కదలింపనిచో బ్యాటరీ చచ్చెడిది. ఇట్లు మూడేండ్లు గడచినవి. పదవ తరగతి ముగిసిన మా పెద్దమ్మాయిని ఖమ్మము పంపి చదివింపవలసి వచ్చినపుడు, రుసుముల పట్టిక చేతబట్టుకొని మే మిరువురము వాకిటివంక చూచితిమి. మరిదికి ఫోను చేసి విషయము చెప్పగా కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, "అమ్మేయండి వదినా, పాప చదువుకి పనికొస్తే అంతకన్నా ఏం కావాలి" అనెను.

ముందు పడిన నష్టమన్నాము గదా, అది యెట్లన: 2014 లో మా వారు తమ పాత మోటారుసైకిలును పట్టణమందలి యొక మధ్యవర్తి కమ్మిరి. అతడు రొక్కము లెక్కించి చేతిలో పెట్టి, ఖాళీ ఫారములపై నాలుగు సంతకములు చేయించుకొని, "పేరు మార్పు మేం చూసుకుంటాం సారూ" అని నమ్మబలికెను. 2018 లో ఒకనాటి సాయంకాలము మేము దీపము వెలిగించుచుండగా నోటీసు వచ్చెను. ఆ సైకిలుపై నెవరో పోవుచు దారిని పోవు కూలివాని నొకని గుద్దిరట. గుద్దినవాని ముఖము మే మెఱుగము. బండికి భీమా లేదు. పుస్తకములో నున్న పేరు మా వారిది. మధ్యవర్తిని అడుగగా తానును అమ్మితిననెను; ఎవరికో జ్ఞాపకము లేదనెను. పదునాలుగు నెలలు మా వారు సెలవులు పెట్టి తిరిగిరి. తుదకు లోక్ అదాలతులో రాజీ కుదిరినది. మా చేతిగాజులు రెండు బ్యాంకిలో కుదువబెట్టి 60,000 రూపాయలు చెల్లించితిమి. ఆ కూలివాని కాలు విఱిగిన మాట నిజము. అతనికి ముట్టిన సొమ్మునకు మేము విచారింపలేదు. నాలుగేండ్ల క్రిందట పోయిన బండి తిరిగివచ్చి మా గాజులు తీసికొనిపోయెనే యని మాత్రము చాలకాలము మనస్సు కలుక్కుమనుచుండెను.

అది మా యొక్కరి దురదృష్టము కాదు, చట్టమే యట్లున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, ఎవరి పేర బండి నమోదైనదో వారే దాని యజమాని. సుప్రీము కోర్టు 2018 ఫిబ్రవరిలో ఈ మాటనే తేటతెల్లము చేసినది. ఆ వ్యాజ్యమున మొదటివాడు కారు నమ్మెను; కొనినవాడు మఱియొకనికి, అతడింకొకనికి అమ్మిరి; పుస్తకములో పేరు మాత్రము మొదటివానిదే నిలిచినది. 2009 లో ఆ కారు క్రింద పడి యొక బాలుని ప్రాణము పోయినది. పరిహారమునకు పేరున్నవాడే బాధ్యుడని తీర్పు. బిడ్డను పోగొట్టుకొనినవారు బండి యెన్ని చేతులు మారెనో వెదకికొనుచు గడపగడప త్రొక్కవలసిన పని లేదని దాని యంతరార్థము. తొలుత ఆ తీర్పు మాకు కఠినముగా తోచినది. ఆ తల్లి స్థానమున నిలిచి చూచిన పిమ్మట మఱి మాటలాడ లేకపోతిమి.

మాది ఏజెన్సీ ప్రాంతము. ఇచ్చట భూమి గిరిజనేతరుల చేతికి పోరాదని 1970 నాటి ఒకటవ రెగ్యులేషను శాసించుచున్నది. అందుచే పొలము మాట వచ్చినప్పుడు కాగితమన్న మా యూర చిన్నపిల్లలకును భయమే. బండి మాట వచ్చినపుడు మాత్రము కాగితము నడుగువారు లేరు. తాళము చేతిలో పడినచో వ్యవహారము ముగిసినట్లే. ఇది మాకు వింతగా నుండును.

మా తండ్రిగారు మాకు ఇంటియందే చదువు చెప్పిరి. ధర్మశాస్త్రమున వ్యవహారపదములు పదునెనిమిదనియు, అందు తనది కాని వస్తువు నమ్ముట 'అస్వామివిక్రయ'మనియు, కొనియో అమ్మియో పిదప పశ్చాత్తాపపడుట 'క్రయవిక్రయానుశయ'మనియు వల్లింపించెడివారు. అట్టి పశ్చాత్తాపమునకు మనువు పది దినముల గడువిచ్చెను. యాజ్ఞవల్క్యుడు మఱింత సూక్ష్మముగా చూచి, కొనిన సరకు పరీక్షించుకొనుటకు విత్తనములకు పది దినములు, ఇనుమునకు ఒక దినము, బరువు లాగు పశువులకు ఐదు, రత్నములకు ఏడు, పాడిపశువులకు మూడు దినములని విభజించెను. తిక్కన సోమయాజి కాలమువాడైన కేతన ఆ స్మృతివ్యాఖ్యను 'విజ్ఞానేశ్వరీయ'మను పేర తెనుగున రచించెను. కారు ఇనుమా, లాగు పశువా? ఇనుమని యెంచినచో కొనువాని కొక్కదినమే దక్కును. మేము పశువనియే నిర్ణయించి, బేరము కుదిరినవానికి ఐదు దినముల పరీక్ష యియ్యవలెనని తలచితిమి. మా వారు నవ్విరి గాని కాదనలేదు. దోషము లేనిదానిని చూపి దోషమున్నదానిని అంటగట్టువాడు రెండింతల వెల చెల్లింపవలెనన్న నారదస్మృతి వచనము కూడ మాకు జ్ఞప్తి నుండెను.

మొదట పాత కార్లు కొను దుకాణమువారికి చూపగా, బండిచుట్టు రెండు మార్లు తిరిగి 1,60,000 రూపాయలనిరి. పదునైదేండ్ల నమోదు 2027 లో ముగియుననియు, అటుపిమ్మట పరీక్ష చేయించి, హరితపన్ను కట్టి, అయిదేసి యేండ్లకు పొడిగించుకొనవలసి యుండుననియు వారు చూపిన కారణము. అది నిజమే. అయినను వారు మఱునాడు దానినే 2,50,000 కు అమ్ముదురని మా వారికి తెలియును. ఇంటినుండియే అమ్మ నిశ్చయించితిమి.

అమ్మకమునకు ముందు ఇల్లలికినట్లు బండి వ్యవహారమును శుభ్రము చేయవలసివచ్చెను. మా మరిది హైదరాబాదున సంపాదించిపెట్టిన అతివేగపు చలానులు మూడు చెల్లించితిమి. అప్పు పెట్టి కొనిన బండికి బ్యాంకువారి పేరు కొట్టివేయింపనిదే పేరు మారదు. అది మా మరిది 2021 లోనే 35వ ఫారముతో చేయించెను గనుక ఆ చిక్కు తప్పినది. గర్జించు గొట్టము మాట మిగిలినది. బండి నిర్మాణమును ఇచ్చవచ్చినట్లు మార్చుటకు వీలులేదని చట్టము 52వ సెక్షను. 2019 జనవరిలో సుప్రీము కోర్టు దానిని గట్టిగా నొక్కి చెప్పినది. అట్టి గొట్టముతో అమ్మినచో కొనినవాడు దారిలోనే జరిమానా కట్టవలసి వచ్చును. అదృష్టవశమున బండితో వచ్చిన అసలు గొట్టము మా అటకపై, పాత ఊరగాయ జాడీల వెనుక, గోనెపట్టాలో చుట్టబడి యుండెను. పాల్వంచలో మెకానికు దానిని తిరిగి బిగించెను. నాడు బండి ఇంటికి వచ్చినపుడు చప్పుడు లేనందున ఎవరో చుట్టములనుకొంటిమి.

పిమ్మట ఫోనులోని క్రయవిక్రయముల పుటలో నాలుగు ఛాయాచిత్రములతో ప్రకటన యుంచితిమి. మొదటి గంటలోనే యొకడు పిలిచెను. తాను సైన్యములో నున్నాననియు, బండి చూడనక్కరలేదనియు, అడిగినంత యిత్తుననియు చెప్పి, ఒక గళ్ళబొమ్మను పంపి, "ఇది స్కాను చేసి మీ పిన్ను కొట్టండి మేడం, డబ్బు మీకు వస్తుంది" అనెను. సోదరీమణులారా, ఈ యొక్కమాట గుర్తుంచుకొనుడు: సొమ్ము పుచ్చుకొనుటకు మన రహస్యసంఖ్యతో పనియే లేదు. ఆ సంఖ్య నడిగినవాడు ఇచ్చువాడు కాడు, తీసికొనువాడు. సైనికుల పేరు చెప్పి ఇట్లు మోసగించుట దేశమంతట జరుగుచున్నది. మేము ఫోను పెట్టివేసితిమి.

చూడవచ్చినవారిలో సగము మంది కొనువారు కారు, కారు నడిపి సంతోషించి పోవువారే. లైసెన్సు చూపనివానికి తాళ మియ్యలేదు. చూపినవాని ప్రక్కన మా వారు తప్పక కూర్చుండిరి. జంగారెడ్డిగూడెమునుండి వచ్చిన యొకాయన మాత్రము నిజమైన కొనుగోలుదారు. చూచెను, నడిపెను, 2,50,000 అనెను. మాకు ప్రాణము లేచివచ్చినది. కాని అది ఆంధ్రప్రదేశము; 2014 లో రాష్ట్రములు వేరుపడినది మొదలు అచ్చటి వారి పేరునకు మార్చవలెనన్న ఇచ్చటి కార్యాలయమునుండి 28వ ఫారముతో నిరభ్యంతరపత్రము తీసికొని, అచ్చట మరల పన్ను కట్టవలెను. ఆయన నవ్వి, "అవన్నీ ఎవరు చేస్తారు సారూ, అట్లాగే తిప్పుకుంటా, తర్వాత చూద్దాం" అనెను. మా వారు మా వంక చూచిరి. ఖమ్మము రుసుముల పట్టిక గోడకు గుచ్చియున్నది. మేము మా చేతులవంక చూచుకొంటిమి. విడిపించి తెచ్చుకొనిన గాజులు అవి. ఆయనకు మజ్జిగ యిచ్చి సాగనంపితిమి.

తునికాకు కోత ముగియవచ్చిన దినములలో దమ్మపేట తట్టునుండి యొక పెద్దాయన కుమారునితో వచ్చెను. వారికి ఆయిల్‌పాము తోటలు గలవు. పిల్లవానికి ఇరువదియొక్క యేండ్లుండును, లైసెన్సు ఉన్నది, ఎఱ్ఱబండిని చూచినంతనే వాని కన్నులు మెఱసినవి. "ఎంత స్పీడు పోద్ది ఆంటీ?" అని యడిగెను. ఆ పిలుపు మాకింకను అలవాటు కాలేదు. తండ్రి బేరమాడి 2,40,000 కు వచ్చెను. మా వారు తలయూపబోవుచుండగా మేము లోనికి పోయి, మేము వ్రాసి యుంచిన కాగితమును తెచ్చి ఆయన చేతిలో పెట్టితిమి.

అందు బండి దోషములన్నియు నున్నవి. 1,12,000 కిలోమీటర్లు తిరిగినది. ఆ సంఖ్యను వెనుకకు త్రిప్పలేదు. క్లచ్చి 2020 లో మార్చినది. ముందు టైర్లు రెండును ఈ వానకాలము తరువాత పనికిరావు. గతుకులచే ముందుచక్రముల కడ చప్పుడు కలదు. ఎడమవైపు వెనుకతలుపు రంగు తక్కినదానికన్న ఒకపిసరు ముదురు. పగటివేళ కూడ అది కంటికానదు. చెప్పకున్న ఎవ్వరికిని తెలియదు. మా వారు కనుసైగ చేసిరి. అయినను ఆ పిల్లవాని ముఖము చూచుచు చెప్పక యుండలేకపోతిమి.

"నాయనా, మా మరిదిగారు కూడ నీవలెనే వేగమెంతయని యడిగి కొనినవారు. 2019 లో దసరా వెళ్ళిన నాల్గవనాటి రాత్రి ఈ దారిలోనే మలుపు దగ్గఱ బఱ్ఱె యడ్డము వచ్చినది. దానిని తప్పింపబోయి టేకుచెట్టునకు కొట్టిరి. ఆ తలుపు అప్పుడు వేయించినది. బఱ్ఱె బ్రతికినది, ఆయన బ్రతికినారు. ఈ బండి పట్టణపు దారిలో ఎంత పోవునో మాకు తెలియదు. మన యడవిదారిలో ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఏ బండియు నలుబదికి మించి పోరాదు" అంటిమి.

పెద్దాయన చాలసేపు మాటలాడలేదు. పిల్లవాడు నేలచూపు చూచుచుండెను. బేరము చెడినదనియే అనుకొంటిమి. చివరకాయన, "మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదమ్మా" అని, కాగితమును మడిచి జేబులో పెట్టుకొనెను. ఐదు దినముల గడువు మాట చెప్పగా ఆశ్చర్యపడెను. 25,000 బయానా నిచ్చి, మూడవనాడు తమ మెకానికును తెచ్చి బండిని క్రింద పడుకొని చూపించుకొనెను. లోపలి చట్రము వంగలేదని తేలినది. టైర్లకును చక్రముల చప్పుడునకును 15,000 తగ్గించి 2,25,000 అనెను. ఒప్పుకొంటిమి.

ఇంతలో మాటవరుసకు, "మా ఇంటామె పేరున పెడదామనుకుంటున్నా" అనెను. ఆమెకు తెలియునా యని యడిగితిమి. "ఆమెకేం తెలుస్తదమ్మా, సంతకం పెట్టమంటే పెడతది" అనెను. అన్నయ్యగారూ, ఆమెను ఒక్కసారి తీసికొనిరండి, ఆమెతో మాటలాడనిదే మేము సంతకము చేయమని చెప్పితిమి. ఇది మా వారికి కూడ అధికప్రసంగముగా తోచినదేమో, బయటికి పోయి వేపచెట్టు క్రింద నిలుచుండిరి.

మఱునాడామె వచ్చినది. మాకన్న పదేండ్లు పెద్ద. మా వంటయింటిలో పీట వేసి కూర్చుండబెట్టి మోటారుసైకిలు కథ యంతయు చెప్పితిమి. గాజుల సంగతి వచ్చునప్పటికి ఆమె తన గాజులు సవరించుకొనినది. "అంటే, వాడు ఎక్కడన్నా ఏమన్నా చేస్తే పిలుపు నాకొస్తదా?" అని యడిగినది. భీమా యున్న యెడల సొమ్ము వారు చెల్లింతురు, లేనియెడల మీరే. ఏది యెట్లున్నను నోటీసుమీద పేరు మీదియే యుండునని చెప్పితిమి. ఆమె లేచి వసారాలోనికి పోయి భర్తను, కుమారుని పిలిచి, "నా పేరునే పెట్టండి. పేరు నాదైతే తాళం కూడా నాదే. రాత్రిపూట నా దిండు కింద ఉంటది" అనినది. పిల్లవాడు "అమ్మా" అని యేదో అనబోయి ఊరకుండెను. పెద్దాయన నవ్వెను; ఆ నవ్వులో కొంత బెదురును గలదు.

సొమ్ము మాట యొకటి చెప్పవలెను. ఆయన పంట అమ్మిన రొక్కము సంచిలో తెచ్చెను. 2017 ఏప్రిలు 1 నుండి ఒక్క వ్యవహారమున 2,00,000 రూపాయలు గాని అంతకు మించి గాని రొక్కముగా పుచ్చుకొనరాదు. పుచ్చుకొనినవారికే అంత సొమ్మును జరిమానా. ఈ శిక్ష కూడ అమ్మినవారి నెత్తినే పడును గావున, బ్యాంకుద్వారా పంపుడని కోరితిమి. సొమ్ము మా ఖాతాలో చేరినదని బ్యాంకువారి పుస్తకములో చూచుకొనిన పిమ్మటనే కొత్తగూడెము ప్రయాణమైతిమి.

అచ్చటి రవాణా కార్యాలయమున ముందుగా నిర్ణయించుకొనిన సమయమునకు అందఱమును కలిసితిమి. 29వ ఫారము, అమ్మినవారు తెలియజేయునది, రెండు ప్రతులు. 30వ ఫారము, ఇరువురును సంతకము చేయునది. వానితోపాటు నమోదుపత్రము, భీమా, పొగపరీక్ష పత్రము, ఆధారు కార్డులు. ఏ ఫారమునందును ఒక్క గడియైనను ఖాళీగా నుంచి సంతకము చేయలేదు. ఇందుకొఱకు గుమాస్తా కొంత విసుగుకొనెను. చట్టము ప్రకారము అమ్మినవారు 14 దినములలో, కొనినవారు 30 దినములలో తెలియజేయవలెను. అన్ని దినము లెందుకు, తాళ మిచ్చుటయు పేరు మార్చుటకు దరఖాస్తు పెట్టుటయు ఒక్కనాడే కానిండని మా పట్టు. తాళ మిచ్చునపుడు తేదీయే కాక గంట నిమిషములు కూడ వ్రాసిన రసీదుపై ఇరువురమును సంతకము చేసితిమి. పగలు 12 గంటల 20 నిమిషములు. దారిలో ఏదైన జరిగినచో అది మా వేళయో వారి వేళయో తేలుటకు. భీమాను కొనినవారు 14 దినములలో తమ పేర మార్పించుకొనవలెను. ప్రమాదములు లేక గడచిన యేండ్లకు భీమావా రిచ్చు రాయితీ బండిది కాదు, మనిషిది. దానికి ఉత్తరమడిగి పుచ్చుకొనినచో మూడేండ్లలోపల మఱియొక బండికి వాడుకొనవచ్చును. ఆ ఉత్తరము మా బీరువాలో నున్నది. మఱియొక బండి కొను యోగమున్నదో లేదో.

కార్యాలయము బయట పిల్లవాడు తల్లిచేతి తాళమువంక చూచుచుండెను. ఆమె దానిని కొంగుముడిలో వేసికొని, మరల విప్పి వానికిచ్చి, తాను ముందుసీటున కూర్చున్నది. బండి మెల్లగా కదలినది. చప్పుడు లేని గొట్టము గదా, మలుపు తిరిగినది మాకు వినబడనే లేదు. మా వారును మేమును బస్సులో ఇల్లు చేరితిమి. అమెరికాలో తెల్లవారువేళకు మరిదికి ఫోను చేసి చెప్పగా, "ఎవరు కొన్నారు?" అని కాక, "ఎవరు నడుపుతున్నారు?" అని యడిగెను.

నెల తిరుగకముందే ఆమె పేరిట క్రొత్త పత్రము తపాలాలో వచ్చినదని పెద్దాయన ఫోనులో చెప్పెను. మాట మీద నమ్మకము లేక కాదు గాని, మేమును బండి సంఖ్యను ఫోనులో వేసి చూచుకొంటిమి. మా పేరున్నచోట ఆమె పేరున్నది. అమ్మాయి ఖమ్మమున చేరినది. కారు నిలిచిన చోట ఎండ బాగుగా పడును. ఈ వేసవికి అచ్చట మంచము వాల్చి అప్పడములు ఎండబెట్టితిమి. గర్జించు గొట్టము మాత్రము ఊరగాయ జాడీల వెనుకనే యున్నది. దానిని కొనుటకై మా యూరి కుఱ్ఱవా రిరువురు వచ్చిరి, ఇయ్యలేదు.